మా వాడ ముచ్చట్లు – 23: అవ్వ తెచ్చిన గుడ్లు



పోయిన ఆదివారం పార్టీ మారిన ఒక నాయకుని గురించి రాస్తే, ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు. "అన్నా, వాడు మనిషి కాదు, ఊసరవెల్లి" అని. తప్పు పట్టను. నేను కూడా పదేండ్లు మీటింగుల్లో ఇదే మాట వాడిన. మైకు పట్టుకొని ఎవరినైనా ఊసరవెల్లి అంటే చప్పట్లు ఖాయం. కానీ 2023 ఎండాకాలం నుంచి ఆ మాట నా నోటికి రావట్లేదు. ఎందుకు రావట్లేదో ఈ వారం చెప్త. ముచ్చట కొంచెం పొడుగుంటది. ఇందులో నేను సిగ్గుపడాల్సిన సంగతి కూడా ఒకటి ఉన్నది. చివరిదాకా చదవండి.

2023 ఏప్రిల్ ఆఖరు వారం. తాడ్వాయిలో పొద్దున తొమ్మిదింటికే నెత్తి మాడుతున్నది. మా అవ్వ ఉపాధి హామీ పనికి పోతున్నది. ఆ ఏడు జనవరి నుంచే కూలీలకు ఫోన్‌లో ఫోటో హాజరు తప్పనిసరి చేసిన్రు. రోజుకు రెండు ఫోటోలు. ఫోటో ఎక్కకుంటే హాజరు లేదు, హాజరు లేకుంటే కూలి లేదు. గుట్ట కింద సిగ్నల్ దొరకదు, ఆడోళ్లు ఫోన్ ఉన్న మనిషి ఎనక గుంపుగా సిగ్నల్ దేవులాడుకుంట తిరిగేది. ఆ ఏడాదికి తెలంగాణ రేటు రోజుకు 272 రూపాయలు. అది కాగితం మీది రేటు. కొలతకు గుంత తక్కువ పడితే పైసలు కూడా తక్కువ పడతాయి. అందుకే అక్కడ మట్టి తవ్వేటోళ్లు మట్టిని చూడరు, కొలతను చూస్తరు.

మా అవ్వ మట్టిని కూడా చూసింది.

వాన నీళ్లు ఆపేటందుకు కందకాలు తీస్తున్నరు. జానెడు లోతు పోయినంక పారకు మెత్తగా ఏదో తగిలిందట. వంగి చూస్తే తెల్లటి గుడ్లు. పెద్ద చిక్కుడు గింజంత ఒక్కొక్కటి. పదిహేడు. మూడు అప్పటికే పార దెబ్బకు పగిలినయి. పక్కన ఉన్న ఆడోళ్లు "పాము గుడ్లు, తొక్కి చంపు" అన్నరు. అవ్వ తన టిఫిన్ డబ్బాలో ఇంత మట్టి పోసి, పద్నాలుగు గుడ్లను అందులో పెట్టుకొని ఇంటికి తెచ్చింది.

"ఎందుకు తెచ్చినవే అవ్వా?" అంటే, "ఎండకు ఉడుకుతున్నయి. పని ఆపి ఇంకో జాగ ఎతుకుదామంటె మేటు మొత్తుకుంటడు. డబ్బాల ఏసిన" అన్నది. అంతే. ఆమెకు జీవకారుణ్యం గురించి ఉపన్యాసం ఇయ్యరాదు.

మా అక్క బిడ్డ అప్పుడు మా ఇంట్లోనే ఉన్నది. సాంఘిక సంక్షేమ గురుకులంలో ఎనిమిదో తరగతి అయిపోయి సెలవులకు వచ్చింది. డబ్బా మూత తీసినప్పటి నుంచి ఆ గుడ్లు ఆమెవి అయినయి. నేను ఫోటో తీసి, నాతోపాటు ఉస్మానియాలో చదివిన జువాలజీ దోస్తుకు పంపిన. ఐదు నిమిషాల్లో ఫోన్ చేసిండు.

"పాము కాదు. ఊసరవెల్లి గుడ్ల లెక్క కొడుతున్నయి. తీసిన కాడనే పెట్టుండ్రి."

"ఆ జాగ ఇప్పుడు కందకం అయింది భాయ్."

"అయితే ఒకటి యాది పెట్టుకో. గుడ్డును పొర్లియ్యొద్దు. ఎట్ల ఉన్నదో అట్లనే, పైభాగం పైకే ఉండాలె. పెన్సిల్‌తోని చుక్క పెట్టు."

నాకు తెలియని సంగతి ఇది. కోడి పొదిగేటప్పుడు తన గుడ్లను తానే తిప్పుకుంటది. తిప్పకుంటే పిల్ల పెంకుకు అతుక్కుంటది. తొండ, బల్లి, ఊసరవెల్లి జాతుల్లో కథ ఉల్టా. పిల్ల లోపల ఒక పక్కన కుదురుకున్నంక గుడ్డును తలకిందులు చేస్తే చచ్చిపోవచ్చు. డబ్బాలో కుదుపుకు ఏది పైనో ఏది కిందో మాకేం తెలుసు? ఉన్నవాటికి ఉన్నట్టే మా కోడలు చుక్కలు పెట్టింది. పాత కాగులో గుట్ట మట్టి పోసి, గుడ్లు పరిచి, మళ్లీ మట్టి కప్పి, పైన తడి గోనెసంచి ఏసి, వేపచెట్టు నీడకు పెట్టింది. రోజూ పొద్దున ఇన్ని నీళ్లు చిలకరిస్తది.

"మామ, లేస్తయా పిల్లలు?"

"లెవ్వయి బిడ్డా. పారదెబ్బ, బస్సు కుదుపు, డబ్బ ఉడుకు... ఆశ పెట్టుకోకు."

నేను మంచిగానే చెప్పిన అనుకున్న. మన పిల్లలకు ఆశ పెట్టుకోకు అని చెప్పుడు మనకు ఎంత అలవాటో అప్పుడు తెల్వలేదు.

ఈ జీవి గురించి నాలుగు మాటలు చెప్పాలె. మన దిక్కు చాలామంది తొండనే ఊసరవెల్లి అంటరు. గోడ మీద తల ఊపుకుంట మెడ ఎర్రగ చేసేది తొండ. చిన్నప్పుడు పుల్లకు ఉచ్చు కట్టి వాటిని పట్టి, నోట్లో నశ్యం పెట్టి, తిరిగి పడిపోతుంటే నవ్వినోళ్లలో నేనూ ఉన్న. అసలు ఊసరవెల్లి వేరు. అది ఉరకదు. ఆకు గాలికి ఊగినట్టు ఊగుకుంట అడుగు తీసి అడుగు ఏస్తది. వేళ్లు రెండు గుంపులుగా పటకారు లెక్క ఉంటయి. తోక చుట్టుకుంటది. రెండు కండ్లు రెండు దిక్కులకు తిరుగుతయి. విషం లేదు. మనిషిని చేసేది ఏమీ లేదు. అయినా కనపడితే రాళ్లతోనే పలకరిస్తరు.

వానాకాలం పోయే దినాల్లో ఆడది చెట్టు దిగి, నేలలో బొరియ తవ్వి, గుడ్లు పెట్టి, మట్టి కప్పి పోతది. మళ్లా వచ్చి చూడదు. గుడ్లు నెలల తరబడి చలికాలం, ఎండాకాలం అంతా మట్టిలోనే ఉంటయి. మడగాస్కర్‌లో లాబోర్డ్ ఊసరవెల్లి అని ఒకటి ఉన్నది. దాని జీవితంలో ఎనిమిది తొమ్మిది నెలలు గుడ్డులోనే గడుస్తది. బయటికి వచ్చినంక బతికేది నాలుగైదు నెలలు. పిల్లలు లేసేనాటికి తల్లిదండ్రుల తరం మొత్తం నేల మీద ఉండదు. 2008లో శాస్త్రవేత్తలు ఈ సంగతి బయటపెట్టిన్రు. అంటే ఏడాదిలో ఎక్కువ కాలం ఆ జాతి అంతా మట్టి కింద గుడ్ల రూపంలోనే ఉంటది. పైన నడిచేటోనికి అక్కడ ఏమీ లేనట్టే కనబడతది.

మే 28, ఆదివారం. పొద్దుగాల మా కోడలు కేక. గోనె తీసి చూస్తే మట్టి మీద వేలి కణుపంత పిల్లలు. గోధుమరంగు. తోక చుట్టుకొని, పటకారు చేతులతో గోనె పోగులు పట్టుకొని ఉన్నయి. ఆ ఏడు తొలకరి ఆలస్యమైంది, వాన జాడే లేదు. రోజూ చిలకరించిన నీళ్లనే అవి వాన అనుకున్నయో ఏమో. మూడు రోజుల్లో పన్నెండు లేసినయి. రెండు గుడ్లు బూజు పట్టినయి. అవ్వ పనికి పోయే ముందట కాగు కాడ కూసొని చూసి, "నా డబ్బాలకెల్లి ఇన్ని బతుకులు లేసినయా" అన్నది.

ఇగ వీటికి ఏం పెట్టాలె? నా ఫోన్ మా కోడలు గుంజుకున్నది. యూట్యూబ్‌లో ఇంగ్లీషు వీడియోలు. అమెరికాలో, యూరప్‌లో ఇండ్లల్లో పిగ్మీ ఊసరవెల్లులను పెంచుకుంటరు. అవి తూర్పు ఆఫ్రికా అడవులవి, పెద్దయినా మన వేలంతే. అద్దాల డబ్బాలో మట్టి, ఆకులు పోసి ఉంచుతరు. ఆడది ఎప్పుడు గుడ్లు పెట్టి పూడ్చిందో పెంచేటోళ్లకు కూడా తెల్వదు. ఒక రోజు చూస్తే ఆకుల మధ్య నలుసంత పిల్లలు నడుస్తుంటయి. వాళ్లు కూడా మా లెక్కనే నోరు తెరిచి చూస్తరు. ఫరక్ ఏందంటే వాళ్ల దగ్గర లైట్లు, పొగమంచు యంత్రాలు ఉన్నయి. మా దగ్గర ఒక పాత దోమతెర ఉన్నది.

దోమతెర చాలింది. పెరట్లో కరివేపాకు చెట్టుకు తెర చుట్టి, కింద రాళ్లు పెట్టి, పిల్లలను కొమ్మల మీద ఇడిచినం. ఊసరవెల్లి గిన్నెలో నీళ్లు తాగదు, ఆకు మీది చుక్కను నాకుతది. పొద్దున, మాపున ఆకుల మీద నీళ్లు చిలకరించినం. మెత్తబడ్డ అరటిపండు ముక్కను కోసిన సీసాలో ఏసి తెరలోపల పెడితే రెండు రోజుల్లో నలుసంత ఈగలు ముసిరినయి. పెరటి చిక్కుడు తీగకు పట్టిన పేనుబంక కూడా తిన్నయి. ఒక కన్ను పురుగు దిక్కు తిరుగుతది, తర్వాత రెండోది. రెండూ ఒకచోట కలిసినంక మనం రెప్ప కొట్టేలోపల నాలుక పోయి వస్తది. మొదటి ఈగను పట్టినప్పుడు మా కోడలు చప్పట్లు కొట్టింది.

ఈ నాలుక ముచ్చట కూడా చెప్త. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ శాస్త్రవేత్త క్రిస్టఫర్ ఆండర్సన్ 20 రకాల ఊసరవెల్లుల నాలుకలను వేగంగా తీసే కెమెరాతో కొలిచి 2016లో ఫలితం చెప్పిండు. అన్నిట్ల చిన్న జాతుల్లో ఒకటైన పిగ్మీ రకం, టాంజానియాది, తన నాలుకను సెకనుకు సెకనుకు 2,590 మీటర్ల త్వరణంతో విసురుతది. భూమ్యాకర్షణకు 264 రెట్లు. ఒంటి పొడుగుకు రెండున్నర రెట్లు దూరం పోతది. అంతకుముందు పెద్ద ఊసరవెల్లులనే కొలిచి, ఊసరవెల్లి బలం ఇంతే అని రాసుకున్నరు. చిన్నవాటిని ఎవ్వరూ కొలవలేదు. మా కోడలు ఈ సంగతిని నోటుబుక్కులో రాసుకొని కింద రెండు గీతలు గీసుకున్నది.

రంగు సంగతి నన్ను కుదిపింది. పన్నెండు పిల్లలూ ఒకే చెట్టు మీద, ఒకే ఆకుల మధ్య ఉన్నయి. ఆకు రంగులో కలిసిపోవుడే వాటి పని అయితే అన్నీ ఒక్క తీరుగ ఉండాలె. ఉండలేదు. పొద్దున చల్లటి పూట నల్లగ ఉండేటియి, ఎండ తాకినంక తెల్లబడేటియి. రెండు ఎదురుపడితే చారలు లేసేటియి. మా కోడలు చెయ్యి దగ్గరికి తెస్తే చిక్కటి మచ్చలు. రాత్రి బ్యాటరీ లైటు ఏసి చూస్తే అన్నీ పాలిపోయి, సున్నం ఏసినట్టు, తోక చుట్టుకొని నిద్ర. దోస్తును అడిగిన. రంగు మార్పు ఎక్కువగా దాక్కునేటందుకు కాదు అన్నడు. వేడి, చలి, భయం, కోపం, జత కోరుడు, ఇవన్నీ తోలు మీదికి వస్తయి. 2015లో జెనీవా యూనివర్సిటీ వాళ్లు పాంథర్ ఊసరవెల్లి మీద పని చేసి దాని కిటుకు చెప్పిన్రు. తోలు కణాల్లో గ్వానిన్ అనే పదార్థం స్ఫటికాలు వరుసలు కట్టి ఉంటయి. ఒంట్లో ఉద్రేకం పుడితే వరుసల మధ్య ఎడం పెరుగుతది, వెలుతురును తిప్పికొట్టే తీరు మారుతది, ఆకుపచ్చ కాస్త పసుపు, ఎరుపు దిక్కు పోతది.

అంటే అది మనల్ని మోసం చేస్తలేదు. లోపల ఉన్నదాన్ని బయటికి చెప్తున్నది. భయం వేస్తే భయం వేసింది అని ఒళ్లంతా రాసుకుంటున్నది. దాన్ని చూసి మనం అవకాశవాది అని పేరు పెట్టినం.

ఇప్పుడు చట్టం మాట. చదివే తమ్ముళ్లు, చెల్లెండ్లు జాగ్రత్తగ వినండి. మన ఊసరవెల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్న జీవి. పట్టుడు, పెంచుడు, అమ్ముడు నేరం. మేము చేసింది చూసి మీరు చెయ్యొద్దు. గుడ్లు గానీ పిల్లలు గానీ దొరికితే ముట్టకుండ అటవీ శాఖకు చెప్పండి. పిల్లలు లేసిన రోజే చెట్టు మీద ఇడవాల్సింది, మేము రెండు వారాలు ఆపినం. అది తప్పే.

చట్టం ఉండాలె. నేను దానికి అడ్డం కాదు. కానీ చట్టం ఎవని ఇంటికి ఏ ముఖంతోని పోతదో చూడండి. 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక సూచన ఇచ్చింది. విదేశీ జీవాలు, చిలుకలు, కొండచిలువలు, తాబేళ్లు ఇంట్లో పెట్టుకున్నోళ్లు ఆరు నెలల లోపల ఆన్‌లైన్‌లో చెప్పుకుంటే చాలు, ఏ కాగితమూ చూపియ్యనక్కర్లేదు అన్నది. ఎక్కడ కొన్నవు, ఎట్ల తెచ్చినవు అనే ప్రశ్న లేదు. పిగ్మీ ఊసరవెల్లులను 2016లో అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందంలోకి తెచ్చిన్రు. ఇప్పుడు మన దేశంలో అటువంటి జీవి ఉన్నోడు నమోదు చేసుకోవాలె, పిల్లలు పుడితే ఆ లెక్క కూడా చెప్పాలె. మంచిదే. కానీ ఆకలికి ఉడుమును పట్టినోనికి ఆరు నెలల గడువు ఏ సర్కారూ ఇయ్యలేదు. వానికి పోర్టల్ లేదు, కేసు ఉన్నది. ఒకడు కొనుక్కుంటే అభిరుచి, ఇంకొకడు వండుకుంటే నేరం. ఉడుమును చంపమని నేను అంటలేను. గడువు ఇచ్చే మనసు, కాగితం అడగని మర్యాద అందరికీ ఎందుకు లేదని అడుగుతున్న.

ఇగ అసలు ముచ్చటకు వస్త.

జూన్ మొదటి వారం. పెరట్ల చిక్కుడు మీద పేనుబంక అయిపోయింది. మా కోడలు సైకిల్ ఏసుకొని పక్కూరి బాట మీద ఉన్న ఒక వంకాయ తోటకు పోయింది. తోటామె ఆపి, "ఎవల బిడ్డవు? ఎక్కడోళ్లు?" అని అడిగిందట. మా కోడలు వేరే కులం పేరు చెప్పింది. తోటామె లోపలికి రానిచ్చి, స్టీలు గ్లాసులో నీళ్లిచ్చి, ఎన్ని ఆకులు కావాల్నో అన్ని తెంపుకొమ్మన్నది. ఈమె సంచి నిండ తెచ్చి తెరలోపల పెట్టింది.

తెల్లారి నాలుగు పిల్లలు కొమ్మల కింద పడి ఉన్నయి. నల్లబడి, నోరు తెరుచుకొని. తోటకు మందు కొట్టి ఉన్నరు. ఆ పేనుబంకలో మందు ఉన్నది, అది పిల్లల్లోకి పోయింది. మా వాడ మగపిల్లలు ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండ వీపు మీద డబ్బా మోసి కొట్టేది అదే మందు. వాళ్లు సాయంత్రం కక్కుకుంటే తాగి కక్కిండు అంటరు.

మా కోడలు ఏడుపు ఆపలేదు. ఏడుపులో అసలు సంగతి చెప్పింది. "నేను అబద్ధం చెప్పి తెచ్చిన మామ. అందుకే సచ్చినయి."

ఆ పిల్లను దగ్గరికి తీసుకోవాల్సింది. నేను ఏం చేసిన్నో తెలుసా? ఉపన్యాసం మొదలుపెట్టిన. ఉద్యమంలో ఉన్న మామకు కోడలివై ఉండి కులం దాస్తవా, బాబాసాహెబ్ బొమ్మ ఇంట్ల పెట్టుకొని సిగ్గు లేదా అన్న. పదమూడేండ్ల పిల్ల మీద గొంతు పెంచిన.

ఆమె కండ్లు తుడుచుకొని నా దిక్కు చూసింది. "నువ్వు హైదరాబాద్‌ల చెప్పలేదా మామ? అమ్మమ్మను మా ఊరామె అనలేదా?"

మిత్రులారా, ఇది నేను ఇరవై రెండు భాగాలు రాసి కూడా మీకు చెప్పని సంగతి.

2011లో యూనివర్సిటీకి దగ్గర ఒక కాలనీలో గది కోసం తిరిగిన. ఏడు ఇండ్లల్లో "మీరేమిట్లు?" అని అడిగి తలుపు వేసిన్రు. ఎనిమిదో ఇంట్లో మున్నూరు కాపులం అన్న. గది దొరికింది. పద్నాలుగు నెలలు ఉన్న. తినే కూర వాసన బయటికి పోకుండ కిటికీ మూసుకున్న. అంబేద్కర్ పుస్తకాలకు క్యాలెండర్ కాగితం అట్ట వేసుకున్న. పొద్దంతా క్యాంపస్‌లో నినాదాలు, రాత్రి ఆ ఇంట్లో వేరే మనిషి.

ఒకనాడు అవ్వ చెప్పకుండ వచ్చింది. సంచిలో మక్క గారెలు. ఇంటి ఓనరామె గేటు కాడనే ఉన్నది. అవ్వ చీర, అవ్వ చేతులు, అవ్వ మాట చూసి "ఎవరు ఈమె?" అని నన్ను అడిగింది. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "మా ఊరామె. మా అమ్మ పంపింది."

అవ్వ ఒక్క క్షణం నా దిక్కు చూసింది. సంచి కింద పెట్టింది. "మీ అమ్మ నిన్ను పైలంగ ఉండుమన్నది బాబూ" అన్నది. నీళ్లు కూడా తాగకుండ జేబీఎస్‌కు పోయి బస్సెక్కింది. నన్ను పుట్టినప్పటి నుంచి కొడుకా, బిడ్డా అని పిలిచిన మనిషి ఆ ఒక్క రోజు బాబూ అన్నది. నన్ను కాపాడేటందుకు తన కొడుకును తానే పరాయోన్ని చేసుకున్నది. ఆ తర్వాత ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. నేను కూడా ఎత్తలేదు. పన్నెండేండ్లు.

మా కోడలికి ఎట్ల తెలిసింది? తోట ముచ్చట ముందుగాల అమ్మమ్మకే చెప్పుకున్నదట. అప్పుడు అవ్వ, "మీ మామ కూడా చెప్పిండు బిడ్డా, నువ్వు ఒక్కదానివే కాదు, ఏడ్వకు" అన్నదట. నా మీద ఫిర్యాదుగ చెప్పలేదు. పిల్లను సముదాయించేటందుకు చెప్పింది.

ఆ రాత్రి 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' తీసి మళ్లా చదివిన. మీలో చాలామంది చదివే ఉంటరు. 1917లో బాబాసాహెబ్ విదేశాల్లో చదువుకొని బరోడా సంస్థానం కొలువుకు పోయిండు. ఉండేటందుకు జాగ దొరకలేదు. ఒక పార్శీ సత్రంలో పార్శీ పేరు పెట్టుకొని దిగిండు. పదకొండో రోజు కట్టెలు పట్టుకొని వచ్చి ఎల్లగొట్టిన్రు. ఆ సాయంత్రం ఆయన కామాఠీ బాగ్ తోటలో కూసొని, రాత్రి బొంబాయి రైలెక్కిండు. ఈ సంగతిని ఆయన దాచుకోలేదు, తానే రాసి పెట్టిండు. పేరు మార్చి చెప్పినందుకు ఆయనను ఊసరవెల్లి అనగలమా? మరి వంకాయ తోట కాడ నిలబడ్డ పిల్లను ఎందుకు అన్న? నన్ను నేను ఎందుకు అనుకుంటున్న? అబద్ధం చెప్పినోన్ని అడుగుతున్నం. ఆ ప్రశ్న వేసిన నోటిని అడుగుడు మరిచిపోయినం.

కానీ ఒక తేడా ఉన్నది, దాన్ని దాటెయ్యను. ఆయన తన పేరు మార్చుకున్నడు. నేను అవ్వను మార్చిన. గది కోసం చెప్పిన అబద్ధాన్ని నేను మన్నించుకోగలను. గేటు కాడ చెప్పినదాన్ని మన్నించేది నేను కాదు.

తెల్లారి అవ్వ పెరట్ల తెర కాడ ఉన్నది. పోయి పక్కకు కూసున్న. ఏదో చెప్పబోయిన, గొంతు రాలేదు. అవ్వ ఒక పిల్ల దిక్కు వేలు చూపింది. "నన్ను చూసి నల్లబడ్డది. రెండు దినాలు ఇట్లనే కూసుంట, దగ్గరికి పోను. అలవాటైతె మామూలైతది" అన్నది.

నేను అట్లనే కూసున్న.

చీమలకు ఇంకొకటి పోయింది. ఏడు మిగిలినయి. జూన్ 12న బడులు తెరుస్తరు. 11న పొద్దుగాల ముగ్గురం గుట్ట కాడికి పోయినం. కందకం పక్క గట్టు మీద కానుగ, తుమ్మ, వేప ఉన్నయి. మందు కొట్టే చేను దూరం. ఒక్కో చెట్టుకు ఒకటి రెండు చొప్పున కొమ్మ మీద పెట్టింది మా కోడలు. అవి తిరిగి చూడలేదు. ఊగుకుంట, అడుగు తీసి అడుగు ఏసుకుంట పైకి పోయినయి. ఎన్ని బతికినయో తెల్వదు. కాకి ఉన్నది, గద్ద ఉన్నది, ఎండ ఉన్నది. అవ్వ మాత్రం ఆ తర్వాత పనికి పోయినప్పుడల్లా మట్టిని పార కొసతో మెల్లగ కదిపి చూసినంకనే దెబ్బ ఏసేది. కొలత తగ్గుతదని పక్కోళ్లు తిట్టేటోళ్లు.

మా కోడలు ఇప్పుడు ఇంటర్‌లో బైపీసీ. జువాలజీ చదువుతనంటున్నది. పోయిన నెల ఫోన్ చేసింది. కొత్త హాస్టల్ గదిలో మొదటి రాత్రే ఒక అమ్మాయి "మీరేమిట్లు?" అని అడిగిందట. "మాదిగోళ్లం" అని చెప్పిందట. ఒకామె మంచం జరుపుకున్నది. ఇంకొకామె జరుపుకోలేదు.

"భయమైందా బిడ్డా?"

"అయింది మామ. చెవులు ఎర్రగయినయి. అయినా చెప్పిన."

భేష్ అని నేను అనలేదు. ఈసారి ఉపన్యాసం కూడా ఇయ్యలేదు. "ఎప్పుడన్న చెప్పబుద్ధి కాకుంటె చెప్పకు. అప్పుడు నాకు ఫోన్ చెయ్యి" అన్న.

విద్యార్థి మిత్రులారా, అద్దె గదుల కోసం తిరుగుతున్నోళ్లు మీలో ఎందరున్నరో నాకు తెలుసు. ఏం చెప్పాల్నో మీ ఇష్టం. చెప్పినోళ్లు చెప్పనోళ్లను చిన్నచూపు చూడకండి. ఒక్క మాట మాత్రం పట్టుకోండి. గేటు కాడికి అమ్మ వస్తే, గది పోతే పోనీ.

మా అవ్వకు చదువు రాదు. ఈ భాగాన్ని ఆమెకు చదివి వినిపించమని మా కోడలికి పంపుతున్న. పన్నెండేండ్లు నోటితో చెప్పలేదు, మరో మూడేండ్లు రాయలేకపోయిన. అవ్వా, ఆ రోజు గేటు కాడ నిలబడ్డది మా ఊరామె కాదు. మా అమ్మ.

మిగతా ముచ్చట వచ్చే ఆదివారం.

జై భీమ్.